ఆగిన ఇంజన్, ఆగని రెక్కలు

ఏ యంత్రమైనా ముందు పుడుతుంది. దానివల్ల వచ్చే ఆపద తర్వాత తెలుస్తుంది. ఆ ఆపదకు విరుగుడు ఎవరో ఎప్పటికో కనిపెడతారు. రైలు కథ అంతే, కారు కథ అంతే. హెలికాప్టర్ దగ్గరికి వచ్చేసరికి ఈ వరస తిరగబడింది. పైన తిరిగే రెక్కలకు ఇంజన్ బలం ఏమాత్రం అందకపోయినా మనిషి క్షేమంగా నేలకు దిగవచ్చని 1923లోనే రుజువైంది. అదే రెక్కలను ఇంజన్‌తో తిప్పి నిట్టనిలువుగా లేచి, కోరిన దిక్కుకు పోయి, తిరిగొచ్చి దిగగలిగిన నమ్మకమైన హెలికాప్టర్ రావడానికి ఆ తర్వాత మరో 13 ఏళ్లు పట్టింది. అంటే విరుగుడు ముందు పుట్టి యంత్రం కోసం ఎదురుచూసింది.

ఈ వరసను మరిచిపోవడం వల్లే, ఇంజన్ ఆగినప్పుడు పైలట్ చేసే పనిని గండం గట్టెక్కే చిట్కాగా చెప్పుకుంటున్నాం. దాని పేరు ఆటోరొటేషన్. నా దృష్టిలో అది చిట్కా కాదు, హెలికాప్టర్‌కు పునాది. ఆ పునాది వేసినవాడి పేరు మనలో చాలామందికి తెలియదు. అమెరికాలో హెలికాప్టర్ చేసిన సికోర్‌స్కీ పేరు విన్నంతగా సియెర్వా పేరు వినలేదు.

హువాన్ దె లా సియెర్వా 1895లో స్పెయిన్‌లోని ముర్సియాలో పుట్టాడు. తండ్రి మంత్రిగా చేసిన రాజకీయ నాయకుడు. కొడుక్కి కుర్రతనం నుంచే విమానాల మీద మోజు. స్పెయిన్ సైన్యం కోసం మూడు ఇంజన్ల బాంబర్ విమానాన్ని తయారు చేశాడు. 1919లో దాన్ని పరీక్షిస్తుండగా, నేలకు బాగా దగ్గరగా మలుపు తిరుగుతూ వేగం కోల్పోయి, స్టాల్ అయి కూలిపోయింది. ఆ రోజుల్లో విమానాలను కూల్చిన కారణాల్లో పెద్దది ఇదే. విమానం రెక్క గాలిలో ఒక స్థాయి వేగంతో దూసుకుపోతేనే దాన్ని లేపే బలం పుడుతుంది. వేగం తగ్గుతున్నప్పుడు ముక్కు పైకెత్తి ఆ బలాన్ని నిలబెట్టుకోవాలని చూస్తే, కొంత కోణం దాటాక గాలి రెక్కను అంటిపెట్టుకుని పారడం మానేస్తుంది. అక్కడితో రెక్క ఉన్నా లేనట్టే.

సియెర్వా దీన్ని మొత్తం విమానం సమస్యగా చూడలేదు. రెక్క సమస్యగా చూశాడు. విమానం నెమ్మదించినా రెక్క మాత్రం నెమ్మదించకూడదు. అందుకు రెక్కను విమానానికి బిగించకుండా ఒక స్తంభం మీద తనంతట తాను తిరిగేలా పెడితే? ఇంజన్ ముందున్న ప్రొపెల్లర్‌ను మాత్రమే తిప్పి విమానాన్ని ముందుకు లాగుతుంది. పైన తిరిగే రెక్కలతో, అంటే రోటర్‌తో, దానికి సంబంధం లేదు. కింద నుంచి ఏటవాలుగా తగిలే గాలే రోటర్‌ను తిప్పుతూ ఉంటుంది. ఈ యంత్రానికి ఆటోగైరో అని పేరు పెట్టాడు.

మొదటి మూడు ఆటోగైరోలూ విఫలమయ్యాయి. ప్రతిసారీ ఒకే జబ్బు. యంత్రం ముందుకు కదిలేసరికి ఒక పక్కకు పల్టీ కొట్టేది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముందుకు వెళ్లే యంత్రంలో ఒక పక్క రెక్క గాలికి ఎదురుగా వస్తుంది, రెండో పక్క రెక్క గాలితో పాటు వెనక్కి పోతుంది. ఎదురొచ్చే రెక్కకు లిఫ్ట్, అంటే లేపే బలం, ఎక్కువ; వెనక్కి పోయే రెక్కకు తక్కువ. కారణం తెలిసినా మందు దొరకలేదు. విచిత్రమేమిటంటే అతని చిన్న నమూనా మాత్రం హాయిగా ఎగిరేది. ఆ నమూనా రెక్కలు వంగే పేముతో చేసినవి. ఎక్కువ లిఫ్ట్ వచ్చిన రెక్క పైకి వంగి, తక్కువ వచ్చినది కిందికి జారి, తేడాను తామే సర్దుకుంటున్నాయి. పెద్ద యంత్రంలో రెక్కలను మొదట్లో గట్టిగా బిగించేశాడు కాబట్టి ఆ సర్దుబాటు లేకుండా పోయింది. సియెర్వా ప్రతి రెక్క మొదట్లో ఒక కీలు పెట్టి, అది స్వేచ్ఛగా పైకీ కిందికీ ఊగేలా చేశాడు. ఈనాటికీ చాలా హెలికాప్టర్లలో ఆ కీలు ఏదో ఒక రూపంలో ఉంది. కొన్నిటిలో కీలు తీసేసి, వంగే పదార్థంతో అదే పని చేయిస్తున్నారు. అంటే తిరిగి ఆ పేము దగ్గరికే వచ్చారు.

1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర హెతాఫే మైదానంలో, లెఫ్టినెంట్ అలెహాంద్రో గోమెస్ స్పెన్సర్ నడపగా సి.4 అనే ఆటోగైరో ఎగిరింది. కొద్ది రోజులకే జరిగిన మరో పరీక్షలో నేల నుంచి సుమారు 10 మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆగిపోయింది. ముక్కు బాగా పైకెత్తుకుపోయింది. మామూలు విమానమైతే ఆ స్థితిలో తుక్కు కావలసిందే. సి.4 మాత్రం నెమ్మదిగా, దాదాపు నిలువుగా దిగి నేల మీద కూర్చుంది. ఇంజన్ లేకుండా తిరిగే రెక్కల మీద మనిషి ప్రాణం నిలబడిన తొలి సంఘటనల్లో ఇదొకటి. ఆ నెలాఖరులో క్వాత్రో వియెంతోస్‌లో అదే యంత్రం 4 కిలోమీటర్ల చుట్టు తిరిగింది.

ఇంజన్ తిప్పకుండా రోటర్ ఎలా తిరుగుతుంది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానిద్దాం. కిందికి దిగుతున్న రోటర్‌లోకి గాలి అడుగు నుంచి పైకి వస్తుంది. రెక్క పొడవునా దాని ప్రభావం ఒకేలా ఉండదు. చివర అత్యంత వేగంగా కదులుతుంది. అక్కడ గాలి రెక్కను ఆపడానికే చూస్తుంది. మొదలు దగ్గర వేగం మరీ తక్కువ. అక్కడ రెక్క స్టాల్ అయి ఉంటుంది, అది కూడా ఆపేదే. ఈ రెండింటి నడుమ ఉన్న భాగంలో మాత్రం, కింద నుంచి వచ్చే గాలి తగిలే కోణం వల్ల లిఫ్ట్ నిట్టనిలువుగా కాక కొద్దిగా ముందుకు వాలి ఉంటుంది. ఆ కొద్దిపాటి వాలే రెక్కను ముందుకు లాగుతుంది. నడిమి భాగం లాగే బలమూ, చివరా మొదలూ ఆపే బలమూ సమానమైన దగ్గర రోటర్ ఒక స్థిర వేగానికి చేరి తిరుగుతూనే ఉంటుంది. ఖర్చయ్యేది ఎత్తు. నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే రెక్కలకు అంత ఇంధనం నిలవ ఉన్నట్టు. నిలువుగా దిగుతూ అలా తిరిగే రోటర్, తన వ్యాసమంత వెడల్పున్న పారాచూట్ దాదాపు ఎంత అడ్డుపడుతుందో అంతే అడ్డుపడుతుంది. సన్నటి మూడు నాలుగు రెక్కలు అంత గాలిని పట్టి ఆపుతాయంటే నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

1925లో సియెర్వా తన యంత్రాన్ని ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోకు తీసుకెళ్లి చూపించాడు. మరుసటి ఏడాది అక్కడి శాస్త్రవేత్త హెర్మన్ గ్లావర్ట్ ఆటోగైరో సిద్ధాంతాన్ని గణితంలోకి దించాడు. అదే ఏడాది బ్రిటన్‌లో సియెర్వా కంపెనీ వెలిసింది. 1928 సెప్టెంబరు 18న సియెర్వా స్వయంగా నడుపుతూ లండన్ నుంచి పారిస్‌కు ఇంగ్లిష్ చానల్ దాటాడు. అమెరికాలో హెరాల్డ్ పిట్‌కెయిర్న్ లైసెన్సు కొని తయారు చేసిన ఆటోగైరో 1931 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ పచ్చిక మీదే దిగింది. ఆ ఏడాదే ప్రసిద్ధ పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ అలాంటి యంత్రంలోనే 18,415 అడుగుల ఎత్తుకు వెళ్లింది.

స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన 1936లో సియెర్వా తిరుగుబాటు సేనాని ఫ్రాంకో పక్షాన నిలిచాడు. ఫ్రాంకోను కానరీ దీవుల నుంచి మొరాకోకు చేర్చిన విమానాన్ని ఇంగ్లండ్‌లో కుదిర్చి పెట్టడంలో అతని చేయి ఉంది. అతని ఇంజనీరింగ్‌ను మెచ్చుకునేటప్పుడు ఇది దాచవలసిన విషయం కాదు. ఆ ఏడాది డిసెంబరు 9న దట్టమైన పొగమంచులో లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి బయల్దేరిన డచ్ ప్రయాణికుల విమానం, లేచీ లేవగానే ఇళ్ల మీద పడింది. చనిపోయినవాళ్లలో స్వీడన్ మాజీ ప్రధాని ఆర్విద్ లిండ్‌మన్ ఒకరు, సియెర్వా ఒకరు. అప్పటికి అతనికి 41 ఏళ్లు.

ఆటోగైరో ఎప్పుడూ ఆటోరొటేషన్‌లోనే ఉంటుంది. హెలికాప్టర్ అలా కాదు. ఇంజన్ రోటర్‌ను తిప్పుతున్నంత సేపూ గాలి పై నుంచి కిందికి పారుతుంది, రెక్కలు పెద్ద కోణంలో ఉంటాయి. ఇంజన్ ఆగిన మరుక్షణం ఆ పెద్ద కోణమే శత్రువవుతుంది. రెక్కల వేగం పడిపోతుంది. పడిపోయిన రెక్క స్టాల్ అవుతుంది. స్టాలైన రోటర్‌ను మళ్లీ తిప్పగలిగే శక్తి ఏదీ ఆకాశంలో లేదు. కాబట్టి హెలికాప్టర్‌కు రెండు విషయాలు తప్పనిసరి. అన్ని రెక్కల కోణాన్నీ ఒక్కసారిగా తగ్గించే ఏర్పాటు ఒకటి. ఆగిన ఇంజన్ రోటర్‌ను పట్టుకుని ఆపకుండా వదిలేసే ఏర్పాటు రెండోది. రెండోది మన సైకిల్ వెనక చక్రంలో ఉండే ఫ్రీవీలే. తొక్కడం మానేసినా చక్రం తిరుగుతూ పోయినట్టు, ఇంజన్ ఆగినా రోటర్ తిరుగుతుంది. మొదటిది కష్టమైనది. అర్జెంటీనాకు చెందిన రౌల్ పతేరాస్ పెస్కారా 1920లలోనే తన హెలికాప్టర్‌లో ఇంజన్ ఆగితే రెక్కల కోణం మార్చి దిగే ఏర్పాటు ఆలోచించాడు. 1924లో ఆ యంత్రం 736 మీటర్లు ఎగిరి రికార్డు పెట్టింది గానీ అంతకు మించి నిలదొక్కుకోలేదు.

ఇంజన్ ఆగినా దిగగల హెలికాప్టర్‌ను సాధించిన వాడు జర్మనీకి చెందిన హెన్రిక్ ఫోకె. అతని కంపెనీ అంతకుముందు సియెర్వా ఆటోగైరోలను లైసెన్సు మీద తయారు చేసింది. రెక్కల కీళ్లు, వాటి ఊపు, గాలితో తిరిగే రోటర్ ప్రవర్తన ఇవన్నీ ఫోకెకు చేతిలో పనిగా అలవాటయ్యాయి. రెండు పక్కలా రెండు రోటర్లున్న ఎఫ్‌డబ్ల్యూ 61 1936 జూన్ 26న ఎగిరింది. 1937 మే 10న ఎగురుతుండగానే ఇంజన్ ఆపేసి ఆటోరొటేషన్‌లో దాన్ని క్షేమంగా దించారు. పైలట్ ఎవాల్డ్ రోల్ఫ్స్. హెలికాప్టర్ చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా హన్నా రైట్ష్ అనే పైలట్ 1938లో బెర్లిన్ సభామందిరం లోపల ఇదే యంత్రాన్ని ఎగరేసిన ఘట్టాన్ని తలుస్తారు. చూడముచ్చటైన ఘట్టమే, కాదనను. కానీ 1937 మే 10 లేకపోతే హెలికాప్టర్ సర్కస్ వింతగానే మిగిలేది. ఇంజన్ ఆగితే చావే అనే యంత్రంలో ఏ ప్రభుత్వం ప్రయాణికులను ఎక్కనిస్తుంది?

యుద్ధకాలంలో జర్మన్లు ఈ విద్యను మరో దారి పట్టించారు. జలాంతర్గాముల వెనక తాడుతో కట్టి లాగే ఎఫ్‌ఏ 330 అనే ఇంజన్ లేని రోటర్ గాలిపటం మీద ఒక మనిషిని కూర్చోబెట్టి, దూరాన ఓడలను కనిపెట్టేవాళ్లు. అవతల అమెరికాలో ఇగోర్ సికోర్‌స్కీ వీఎస్-300 1939 సెప్టెంబరులో తాళ్లు కట్టి, 1940 మేలో తాళ్లు విప్పి ఎగిరింది. దాని వారసురాలు ఆర్-4 యుద్ధరంగానికి వచ్చింది. 1944 ఏప్రిల్‌లో అస్సాంలోని లాలాఘాట్ నుంచి బయల్దేరిన ఆ రకం హెలికాప్టర్‌తో కార్టర్ హార్మన్ అనే లెఫ్టినెంట్, బర్మా అడవిలో జపాన్ సైనికుల మధ్య చిక్కుకున్న నలుగురిని ఒక్కొక్కరిగా బయటికి తెచ్చాడు. యుద్ధంలో హెలికాప్టర్‌తో జరిగిన తొలి రక్షణ కార్యం అదే. ఉక్కపోతలో ఇంజన్ మాటిమాటికీ వేడెక్కి సతాయించేది. అంత నమ్మలేని ఇంజన్ల కాలంలో రోటర్ తనంతట తిరగగలదన్న భరోసా ఎంత విలువైనదో ఆలోచించండి.

1946 మార్చి 8న బెల్ 47కు అమెరికా ప్రభుత్వం పౌర ధ్రువపత్రం ఇచ్చింది. ప్రపంచంలో పౌర హెలికాప్టర్‌కు అది మొదటిది. ఒకే ఇంజన్ ఉన్న హెలికాప్టర్ ఇంజన్ ఆగినా క్షేమంగా దిగగలదని తయారీదారు చూపించాలన్నది ఇలాంటి ధ్రువపత్రాలకు మూల షరతుగా నిలిచిపోయింది.

ఇప్పుడు పైలట్ పక్కన కూర్చుని చూద్దాం. హెలికాప్టర్ 1,000 అడుగుల ఎత్తులో, గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఇంజన్ ఆగింది. ముందుగా తెలిసేది చప్పుడు కాదు, మెలిక. ఇంజన్ మెలి బలం ఒక్కసారిగా మాయమవడంతో ముక్కు పక్కకు తిరిగిపోతుంది, పెడల్‌తో సరిచేయాలి. అదే క్షణంలో ఎడమ చేతి కిందున్న కలెక్టివ్ అనే మీటను పూర్తిగా కిందికి దించాలి. చిన్న హెలికాప్టర్లలో దీనికి దొరికే గడువు ఒకటి రెండు సెకన్లు. ఆలోచించి చేసే వ్యవధి లేదు, చేయి దానంతట అది కదలాలి. కలెక్టివ్ దిగగానే రెక్కల కోణం తగ్గుతుంది, గాలి అడుగు నుంచి పారడం మొదలవుతుంది, రోటర్ వేగం నిలబడుతుంది. కడుపులో పేగులు పైకి వచ్చినట్టనిపించినా, ఇక్కడి నుంచి హెలికాప్టర్ పైలట్ చేతిలోనే ఉంటుంది. అతను దిక్కు మార్చుకోగలడు, దిగే చోటు ఎంచుకోగలడు. నిమిషానికి 1,500 నుంచి 2,000 అడుగుల చొప్పున దిగుతూ, దిగిన ప్రతి అడుగుకూ ఇంచుమించు నాలుగు అడుగులు ముందుకు పోతాడు. వెయ్యి అడుగులకు దొరికేది అర నిమిషం పైచిలుకు.

నేల దగ్గరయ్యాక చేసే పనిని ఫ్లేర్ అంటారు. నాకు ఈ ప్రయాణమంతటిలో అత్యంత అందమైన భాగం ఇదే. పైలట్ సైక్లిక్ అనే కర్రను వెనక్కి లాగి ముక్కు పైకెత్తుతాడు. ముందుకు పోయే వేగం బ్రేకు పడ్డట్టు తగ్గుతుంది, దిగే వేగమూ తగ్గుతుంది, ఆ రెండు వేగాల్లో ఉన్న శక్తి రోటర్‌లోకి మళ్లి రెక్కలు ఇంకా వేగం పుంజుకుంటాయి. అప్పుడు ముక్కు సమం చేసి, నేలకు కొద్ది అడుగుల ఎత్తులో, అంతవరకూ కింద ఉంచిన కలెక్టివ్‌ను పైకి లాగుతాడు. రెక్కల్లో దాచిన శక్తి అంతా ఒక్కసారి లిఫ్ట్‌గా మారి హెలికాప్టర్‌ను మెత్తగా నేల మీద పెడుతుంది. ఈ లాగుడు ఒక్కసారే దొరుకుతుంది. ముందే లాగితే రోటర్ వేగం చచ్చి పై నుంచి పడిపోతారు, ఆలస్యంగా లాగితే నేలను గుద్దుకుంటారు.

ఎత్తూ వేగమూ రెండూ లేని చోట ఇంజన్ ఆగితే? నేల నుంచి సుమారు 400 అడుగుల లోపు, గాలిలో కదలకుండా నిలబడి ఉన్న ఒంటి ఇంజన్ హెలికాప్టర్ పరిస్థితి అది. రోటర్‌ను నిలబెట్టుకునేంత ఎత్తు లేదు, ఫ్లేర్ చేసేంత వేగం లేదు. మరీ కింద, ఓ పది అడుగుల లోపు అయితే రెక్కల్లో మిగిలిన శక్తితోనే దిగిపోవచ్చు. ఈ రెంటి నడుమ ఉన్న ప్రమాద ప్రాంతాన్ని ప్రతి హెలికాప్టర్ మాన్యువల్‌లోనూ ఎత్తు-వేగాల పటంగా గీసి ఉంచుతారు. పైలట్లు దాన్ని మొహమాటం లేకుండా చచ్చినవాడి గీత అంటారు. హెలిపాడ్ దగ్గర నిలబడి చూసినవాళ్లు గమనించే ఉంటారు: వీలున్న చోట పైలట్ హెలికాప్టర్‌ను నిలువుగా ఆకాశంలోకి ఎగరేయడు, నాలుగడుగులు లేపి, ముక్కు వంచి, నేలబారున వేగం అందుకుని అప్పుడు పైకి ఎక్కుతాడు. ఆ గీతను తప్పించుకుపోయే దారి అది.

గీత ఎంత పెద్దదన్నది రెక్కల బరువు మీద కూడా ఆధారపడుతుంది. బరువైన రెక్కల్లో తిరిగే శక్తి ఎక్కువగా నిలవ ఉంటుంది. వియత్నాం యుద్ధంలో పేరు తెచ్చుకున్న బెల్ హ్యూయీ, దాని తర్వాతి బెల్ 206, రెండు బరువైన రెక్కల యంత్రాలు. పైలట్ చేయి కాస్త ఆలస్యమైనా అవి క్షమిస్తాయి. బెల్ కంపెనీ 1970లలో మరింత బరువు పెంచిన రెక్కలతో ప్రయోగం చేసింది. ఇంజన్ బలం లేకుండా దిగిన హెలికాప్టర్, రెక్కల్లో మిగిలిన శక్తితోనే మళ్లీ గాలిలోకి లేచి, తిరిగి దిగింది. అయినా ఆ దారిలో ఎవరూ ఎక్కువ దూరం పోలేదు. బరువైన రెక్కలు మోయాలంటే ప్రయాణికులో ఇంధనమో తగ్గాలి కదా.

దీనికి అటు కొసన ఉన్నది ఫ్రాంక్ రాబిన్సన్ తయారు చేసిన ఆర్22. 1979లో ధ్రువపత్రం పొందిన ఈ రెండు సీట్ల హెలికాప్టర్ చవకది, తేలికది. ప్రపంచమంతటా ఎగరడం నేర్చుకునేవాళ్లకు బడి అయింది. దాని రెక్కలూ తేలికే. అందుకే కలెక్టివ్ దించడంలో క్షణం ఆలస్యాన్ని కూడా అది ఓర్చుకోదు. వరస ప్రమాదాల తర్వాత 1995లో అమెరికా విమానయాన సంస్థ ఆర్22, అదే కంపెనీ ఆర్44లు నడిపేవాళ్లకు రోటర్ వేగం, ఆటోరొటేషన్‌ల మీద ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చింది. అందరికన్నా అనుభవం తక్కువున్న విద్యార్థికి అందరికన్నా తక్కువ గడువిచ్చే యంత్రం దక్కడం న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ ఆ చవకతనం లేకపోతే వాళ్లలో చాలామంది పైలట్లే అయ్యేవాళ్లు కాదన్నదీ నిజం.

ఎత్తే ఇంధనమన్న మాటకు అత్యంత గొప్ప సాక్ష్యం 1972 జూన్ 21 నాటిది. ఫ్రాన్స్‌లోని ఇస్త్ర్ నుంచి జాన్ బూలే అనే టెస్ట్ పైలట్, అనవసరమైన సామానంతా తీసేసి తేలిక చేసిన లామా హెలికాప్టర్‌లో 12,442 మీటర్ల ఎత్తుకు ఎక్కాడు. ప్రయాణికుల జెట్ విమానాలు తిరిగే ఎత్తు అది. బయట సున్నాకు 60 డిగ్రీల పైగా దిగువన చలి. దిగడానికి పవర్ తగ్గించగానే ఇంజన్ ఆరిపోయింది. మళ్లీ అంటుకోలేదు. పందిరి అద్దమంతా మంచు పట్టింది. బూలే పన్నెండు కిలోమీటర్లకు పైగా ఆటోరొటేషన్‌లోనే దిగి క్షేమంగా నేల చేరాడు. ఎత్తు రికార్డు దశాబ్దాలపాటు నిలిచింది. అత్యంత పొడవైన ఆటోరొటేషన్ రికార్డు, తలచి పెట్టింది కాకపోయినా, అదే రోజు పుట్టింది.

ఆ లామా మనకు పరాయిది కాదు. హిమాలయాల్లో ఎత్తైన చోట్ల పనిచేసే హెలికాప్టర్ కావాలని భారత సైన్యం అడిగినందుకే ఫ్రెంచివాళ్లు దాన్ని రూపొందించారు. బెంగళూరులోని హెచ్‌ఏఎల్ దాన్ని చీతా పేరుతో తయారు చేసింది. సియాచిన్ స్థావరాలకు దశాబ్దాలపాటు ఉప్పూ పప్పూ మోసింది, గాయపడ్డవాళ్లను దించింది అదే. దాని సోదర యంత్రం చేతక్ మీద సికింద్రాబాద్ పక్కనే ఉన్న హకీంపేటలో వైమానిక దళ హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో తరాల తరబడి పైలట్లు ఎగరడం నేర్చుకున్నారు. హెలికాప్టర్ నేర్చుకునే వాళ్లెవరూ ఆటోరొటేషన్ పాఠం దాటకుండా బయటికి రారు.

అయితే ఆ పాఠాన్ని ఎంతవరకు నేర్పాలి? ఈ తగువు ఇంకా తెగలేదు. నేల తాకేదాకా నిజంగా దించి నేర్పాలా, లేక చివరి క్షణంలో ఇంజన్ బలం తిరిగి అందుకుని లేచిపోతే చాలా? వియత్నాం రోజుల్లో అమెరికా సైన్యం విద్యార్థులతో వేల సంఖ్యలో నేల తాకించింది. ఇంజన్లు మెరుగుపడ్డాక లెక్క మారింది. నిజమైన ఇంజన్ వైఫల్యాల కన్నా వాటికోసం చేసే సాధనలోనే ఎక్కువ హెలికాప్టర్లు విరుగుతున్నాయని తేలి, 1980లలో సైన్యం శిక్షణ పాఠశాల బయట నేల తాకే సాధనను చాలావరకు ఆపేసింది. లెక్క ప్రకారం సబబే. కానీ ఆ చివరి రెండు సెకన్ల కలెక్టివ్ లాగుడు సిమ్యులేటర్‌లో పూర్తిగా వంటబట్టదని పాత పైలట్లు అంటారు. నేను వాళ్ల పక్షమే. బరువైన రెక్కల యంత్రాల మీద, మంచి రన్‌వే మీద, మంచి శిక్షకుడి పక్కన అయినా ఆ స్పర్శ నేర్పకుండా పైలట్‌ను పంపకూడదు.

ఇంజన్ ఆగినప్పుడే కాదు, తోక రోటర్ పోయినప్పుడూ ఈ విద్యే దిక్కు. ఇంజన్ పైరోటర్‌ను తిప్పుతున్నందుకే హెలికాప్టర్ ఒళ్లు ఎదురు దిక్కుకు తిరగబోతుంది, దాన్ని తోక రోటర్ ఆపుతుంది. తోక పోతే ఇంజన్‌నే ఆపేయాలి. 1995 జనవరి 19న ఉత్తర సముద్రం మీద చమురు కార్మికులతో వెళ్తున్న సూపర్ ప్యూమా తోక మీద పిడుగు పడింది. తోక రోటర్ దెబ్బతిని, చివరికి గేర్‌బాక్సుతో సహా ఊడిపోయింది. పైలట్ ఆటోరొటేషన్‌లో ఎగసిపడే అలల మీద దించాడు. లోపలున్న 18 మందీ బతికారు.

దిగడం వేరు, బతకడం వేరు అని చెప్పే కథలూ ఉన్నాయి. 2018 మార్చి 11న న్యూయార్క్ ఈస్ట్ నది మీద తలుపులు తీసి ఫొటోలు తీయించే విహార హెలికాప్టర్‌లో, ఒక ప్రయాణికుడిని కట్టిన పట్టీ ఇంధనం ఆపే మీటకు తగులుకుని ఇంజన్ ఆగింది. పైలట్ ఆటోరొటేషన్‌లో నది మీద దించగలిగాడు. నీళ్ల మీద తేల్చవలసిన గాలి సంచులు సరిగా నిండక అది తిరగబడింది. పైలట్ బయటపడ్డాడు. పట్టీలు విప్పుకోలేక ఐదుగురు ప్రయాణికులూ మునిగిపోయారు.

రెండు ఇంజన్లుంటే ఈ బెడదే ఉండదని 1960ల నుంచి గట్టి నమ్మకం. చాలావరకు నిజమే, ఒకటి ఆగినా రెండోది మోస్తుంది. కానీ రెండు ఇంజన్లూ తాగేది ఒకే ఇంధనం. 2013 నవంబరు 29 రాత్రి గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్ రెండు ఇంజన్లూ 32 సెకన్ల తేడాతో ఆరిపోయాయి. పెద్ద ట్యాంకులో ఇంధనం ఉంది. దాన్ని ఇంజన్లకు అందించే పంపుల స్విచ్చులు ఆపి ఉన్నాయి. చీకట్లో, నగరం నడిబొడ్డున, రోటర్ వేగం నిలవలేదు. ఒక పబ్ కప్పు మీద పడేసరికి రెక్కలు తిరగడం ఆగిపోయి ఉన్నాయి. హెలికాప్టర్‌లో ముగ్గురూ, కింద పబ్‌లో ఉన్నవాళ్లూ కలిపి 10 మంది పోయారు.

తెలుగువాళ్లకు హెలికాప్టర్ ప్రమాదం అనగానే 2009 సెప్టెంబరు 2, పావురాలగుట్ట గుర్తుకొస్తాయి. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు ప్రాణాలు కోల్పోయిన ఆ బెల్ 430కి రెండు ఇంజన్లున్నాయి. అవి ఆగిపోవడం వల్ల ఆ ప్రమాదం జరగలేదు. ఉరుము మేఘంలోకి ప్రవేశించి, బలమైన కిందిగాలి తోసేయడంతో అదుపు తప్పి కూలిందని దర్యాప్తు తేల్చింది. ఆటోరొటేషన్ ఇంజన్ లేని లోటు తీర్చగలదు గానీ, మేఘంలోని గాలిని ఆపలేదు.

కొత్త ఆలోచనలు మళ్లీ ఆ చచ్చినవాడి గీత చుట్టూనే తిరుగుతున్నాయి. ఎయిర్‌బస్ 2021లో ఒంటి ఇంజన్ హెచ్130 ఆధారంగా చేసిన ప్రయోగ హెలికాప్టర్‌లో 100 కిలోవాట్ల ఎలక్ట్రిక్ మోటారు పెట్టి పరీక్షించింది. ఇంజన్ ఆగితే అది 30 సెకన్లు బలమిస్తుంది. చేయి ఆలస్యమైనా రోటర్ చావదు, ఫ్లేర్ చివర మరో లాగుడు చేతిలో ఉంటుంది. హెలికాప్టర్ భద్రతలో ఇన్ని దశాబ్దాల తర్వాత నాకు నిజంగా ఆశ కలిగించిన మార్పు ఇది.

బ్యాటరీలతో నడిచే ఎయిర్ ట్యాక్సీల విషయంలో ఆ మాట అనలేను. వాటిలో చాలావరకు కోణం మారని చిన్న చిన్న రోటర్లు అనేకం ఉంటాయి. వాటి రెక్కల్లో దాచుకునేంత శక్తి లేదు, అవి ఆటోరొటేషన్‌లోకి పోలేవు. ఒక మోటారు ఆగితే మిగిలినవి మోస్తాయన్నదే వాటి ధైర్యం. ఐరోపా విమాన భద్రతా సంస్థ 2019లో పెట్టిన నిబంధనల్లో, నగరాల మీద ప్రయాణికులను మోసే తరగతి యంత్రం ఏ వైఫల్యం తర్వాతైనా క్షేమంగా ఎగిరి దిగగలగాలి. కింది తరగతి యంత్రానికి అదుపులో ఉన్న అత్యవసర దిగుడు చాలు. మరి మోటార్లన్నిటికీ ఒకేసారి కరెంటు పోతే? కొందరు మొత్తం యంత్రానికి పారాచూట్ కడతామంటున్నారు. పారాచూట్ విచ్చుకోవడానికి కూడా ఎత్తు కావాలి. అలాంటి యంత్రం ఎక్కమని జనాన్ని పిలిచే ముందు, ఏ ఎత్తులో ఏ వేగంతో ఉన్నప్పుడు బలం పోతే ఏమవుతుందో చూపే పటాన్ని, హెలికాప్టర్ మాన్యువల్‌లో ఉన్నంత స్పష్టంగా గీసి, ప్రయాణికులకు అందేలా ప్రచురించాలి.